‘స్టాండలోన్’కి ‘స్వతంత్ర’ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. నాది నెట్‌వర్క్ పని. మొన్న ఒక సహకార సంఘం పాలకవర్గానికి నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ అనే పరికరం కొనుగోలు గురించి తెలుగులో నోట్ రాసిచ్చాను. ‘మాడ్యులర్’ (కార్డుల్లా ముక్కలుగా అమర్చుకునేది) అన్నచోట ‘విభాగాత్మక’ అనీ, ‘స్టాండలోన్’ (ఇంకోదానిలో దూర్చకుండా తనంతట తానే విడిగా ఉండేది) అన్నచోట ‘స్వతంత్ర పరికరం’ అనీ రాశాను. మీటింగ్‌లో ఒక పెద్దాయన ఆ మాట మీద వేలు పెట్టి, “బాబూ, స్వతంత్రం అంటే ఇది మన నెట్‌వర్క్‌కి కలపక్కర్లేదా?” అని అడిగారు.

ఆయన అడిగింది న్యాయమే. ఫైర్‌వాల్ పనే దారికి అడ్డంగా కూర్చుని వచ్చేపోయేవాటిని చూడటం. దేనితోనూ సంబంధం లేనిదన్న ధ్వని ఆ మాటలో ఉంటే నోట్ మొత్తం తలకిందులైనట్టే.

అప్పుడు ఆ గదిలోనే ఉన్న బీరువా చూపించి చెప్పాను. “బీరువా లోపల లాకర్ ఉంటుంది కదండీ, మాడ్యులర్ అలాంటిది. గదిలో వేరుగా పెట్టుకునే ఇనప్పెట్టె స్టాండలోన్ లాంటిది. బీరువా తీసుకెళ్లిపోతే లాకరూ దాంతోపాటే పోతుంది.” వెంటనే అర్థమైంది వాళ్లకి.

పాత ఉదాహరణే అయినా సిస్కో కంపెనీ కాటలిస్ట్ 6500 స్విచ్‌లో (కంప్యూటర్లని నెట్‌వర్క్‌కి కలిపే పెద్ద పెట్టె) పెట్టే ఫైర్‌వాల్ సర్వీసెస్ మాడ్యూల్ చూడండి. అదొక కార్డు. దానికంటూ బయటికి ఒక్క నెట్‌వర్క్ పోర్టు కూడా లేదు. దానికి కరెంటూ ఆ స్విచ్ నుంచే, ఫ్యాను గాలీ ఆ స్విచ్ నుంచే. ఏ వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్క్‌లో వేరు చేసిన భాగాలు) దానికి అప్పగించాలో స్విచ్‌లోనే కమాండ్ ఇవ్వాలి. ఒక్కో కార్డు సెకనుకు 5 గిగాబిట్ల డేటా దాకా చూడగలదు, ఒక ఛాసిస్‌లో (స్విచ్ పెట్టె చట్రం) నాలుగు కార్డుల దాకా పెట్టొచ్చు. పరికరాలు పేర్చే ర్యాక్‌లో అదనంగా చోటు అక్కర్లేదు, కేబుళ్ల గొడవ లేదు. కానీ ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండు కార్డులూ ఒకే ఛాసిస్‌లో పెట్టుకుంటే, ఆ ఛాసిస్ ఆగిన రోజు రెండూ ఒకేసారి ఆగుతాయి. కొనేవాళ్లకి ముందుగా తెలియాల్సింది ఇదే. ‘విభాగాత్మక’ అన్న మాటలో ఇది ఎక్కడా కనిపించదు.

నా సూచన: స్లాట్‌కి, అంటే కార్డు దూర్చే ఖాళీకి, ‘గూడు’. గోడలో దీపం గూడు మనకి తెలిసిందే. లోపల పెట్టేదాన్ని ‘గూటి కార్డు’ అనీ, స్టాండలోన్‌ని ‘విడి పెట్టె’ అనీ అందాం. ఏమంటారు?

స్పందన: విడి అంటే విడిపోయినట్టు, చెల్లాచెదురైనట్టు లేదా అండీ? ‘ఒంటి పెట్టె’ అనండి. ఒంటిగది ఇల్లు, ఒంటెద్దు బండి లాగా.

నా జవాబు: ‘ఒంటి’ నాకూ ఇష్టమైన మాటేనండీ. కానీ అది లెక్క చెబుతుంది. ఫైర్‌వాల్‌ని చాలాచోట్ల జంటగానే కొంటారు. ఒకటి పనిలో ఉంటుంది, రెండోది అది పడిపోతే అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ‘ఒంటి పెట్టెలు’ అని రాస్తే, జత లేకుండా ఒక్కటే చాలన్నామని అనుకుంటారు. విడి పూలు అంటే మాల కట్టనివి అనే కదా, చెదిరినవని కాదు.

స్పందన: అయితే ‘గూటి’కి ‘విడి’ వ్యతిరేకం అనుకోవచ్చా?

నా జవాబు: నేనూ అలాగే అనుకుని రాశాను. మీరు అడిగాక ఆలోచిస్తే తప్పనిపించింది. 2005లో సిస్కో నుంచే వచ్చిన ఏఎస్ఏ 5500 ఫైర్‌వాల్ వరుసలో 5510, 5520, 5540 మోడళ్లు విడి పెట్టెలే. సొంత కరెంటు, సొంత పోర్టులు. అయినా చొరబాట్లు పట్టే కార్డు పెట్టుకోవడానికి వాటికీ ఒక గూడు ఉంది. అంటే అవి విడి పెట్టెలూ, మాడ్యులరూ కూడా! ఇంగ్లీషులో ఈ రెండు మాటల్ని ఎదురెదురుగా నిలబెట్టడం అలవాటై మనమూ అలాగే దింపుకుంటున్నాం. నిజానికి ప్రశ్నలు రెండు. అది ఎక్కడ ఉంటుంది, స్విచ్ లోపలా విడిగానా? రేపు అవసరం పెరిగితే ఏదైనా చేర్చడానికి దానిలో గూడు ఉందా, లేదా?

నోట్ తిరగరాస్తున్నాను. ముఖ్యమైన వాక్యం ఇప్పటికి ఇలా ఉంది: “స్విచ్ గూట్లో పెట్టే ఫైర్‌వాల్ కాకుండా, ఒకటి ఆగితే ఇంకొకటి అందుకునేలా రెండు విడి పెట్టెలు కొనాలి, రెండింటికీ కనీసం ఒక్కో ఖాళీ గూడు ఉండాలి.” ఎక్కడైనా తడబాటు ఉంటే దయచేసి చెప్పండి, సోమవారం పంపాలి.