అప్‌డేట్: రెండడుగుల ట్యాంకులో చివరికి ఏ చేపలు వేశానంటే

60×30×30 సెంటీమీటర్ల ట్యాంకులో గోల్డ్‌ఫిష్, ఏంజెల్, గప్పీ, టైగర్ బార్బ్ కలిపి వేయొచ్చా అని అడిగాను కదా, వద్దన్నవాళ్ల మాటే సరైంది. గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, వ్యర్థమూ ఎక్కువ. తిరుపతి ఎండల్లో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి, పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బార్బ్‌లు గప్పీల తోకలు కొరుకుతాయి. ఎదిగిన ఏంజెల్ చిన్న చేపల్ని మింగేస్తుంది.

మా బోరు నీళ్లు టెస్ట్ కిట్‌లో పీహెచ్ 7.8, కాఠిన్యం బాగా ఎక్కువ చూపించాయి. నియాన్ టెట్రాలకు ఇవి పనికిరావు, ప్లాటీలకు (గప్పీల్లాంటి చిన్న చేపలు) చక్కగా సరిపోతాయి. అందుకే 6 ప్లాటీలు, అన్నీ మగవే. కింది రెక్క పుల్లలా సన్నగా ఉంటే మగది. ఆడవి చేరితే దాదాపు నెలకోసారి పిల్లలే! అడుగున సన్న ఇసుక మీద 6 బ్రాంజ్ కోరిడోరాస్ (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు). గరుకు రాళ్లయితే వాటి మీసాలు అరిగిపోతాయి.

చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ నీళ్లలో సున్నాకొచ్చాకే ముందు ప్లాటీలు, రెండు వారాలాగి కోరిడోరాస్ వేశాను. వారానికి పావు వంతు నీళ్లు మార్పు. ఫిల్టర్ స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, మున్సిపల్ కుళాయి నీళ్లయితే వాటిలోని క్లోరిన్ ఈ విషాల్ని తగ్గించే మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది.