బీపీ మాత్రలు మధ్యలో మానేసేది తెలియకా, తెలిసీనా?

చర్చ మొదలుపెట్టినవారు:
మా నాన్న రెండు నెలల క్రితం బీపీ మాత్రలు ఆపేశారు. మాకెవరికీ చెప్పలేదు. మొన్న చూపిస్తే 170/100. ఎందుకు ఆపారంటే, "అప్పుడు 128/82 వచ్చింది, తగ్గిపోయిందిగా" అన్నారు. మాత్ర వేసుకోబట్టే ఆ అంకె వచ్చిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే నేనంటాను, మందులు మానేయడానికి అసలు కారణం అవగాహన లేకపోవడమే. మన మాటలే చూడండి. తలపోటు, పంటిపోటు అంటే నొప్పి. 'రక్తపోటు' అనగానే ఎక్కడో నొప్పి పుడుతుందని ఎదురుచూస్తాం. కోపం వస్తే 'బీపీ లేచింది' అంటాం, కాబట్టి నెమ్మదిగా ఉండే మనిషికి బీపీ ఏమిటి అనుకుంటాం. హైపర్‌టెన్షన్ అన్నా అంతే, టెన్షన్ పడేవాళ్ల జబ్బులా వినిపిస్తుంది. ఏ బాధా లేకుండానే ఏళ్ల తరబడి గుండెను, కిడ్నీలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుందని ముందే అర్థమైతే ఎవరైనా మానేస్తారా?

ఫార్మసిస్టు:
సగమే ఒప్పుకుంటాను. 30 నుంచి 79 ఏళ్ల వయసువారిలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని, వాళ్లలో దాదాపు 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. వాళ్ల విషయంలో మీ మాట నిజం. డాక్టరు రాసిన మందుల చీటీ చేతిలో ఉన్నవాళ్ల సంగతి వేరు. అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్లు సగటున సగం మందేనని అదే సంస్థ 2003లో రాసింది. చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్నచోట కూడా ఇదీ పరిస్థితి. రోజుకు నాలుగైదు మాత్రలుంటే ఎంత తెలిసినవారైనా ఏదో ఒకటి మరిచిపోతారు. రెండు మందులు కలిపిన ఒకే మాత్ర ఇస్తే వాడకం మెరుగవుతుంది. అలాంటి బీపీ మాత్రలు 2019లో ఆ సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి.

పదకొండేళ్లుగా బీపీ ఉన్నవారు:
నేను టీచర్‌ని. బీపీ వల్ల ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అయినా ఆరు నెలలు మానేశాను. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకుంటే సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. డాక్టరు కోప్పడతారని భయపడి, వాడుతున్నాననే చెప్పాను. బీపీ తగ్గలేదు కాబట్టి ఆయన ఇంకో మందు జత చేశారు. అది కూడా వేసుకోలేదు. చివరికి ఒక నర్సు, "చాలామందికి తప్పిపోతుంటుందమ్మా, వారంలో ఎన్ని రోజులు వేసుకోలేకపోతున్నారు?" అని మెల్లగా అడిగింది. అప్పుడు అంతా చెప్పేశాను. మందు మార్చారు, వాపు పోయింది. అంతకు ముందు నాకు పాఠం చెప్పినవాళ్లే తప్ప ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

చర్చ మొదలుపెట్టినవారు:
టీచర్ గారూ, పడని మందును మార్చుకోవచ్చని అప్పుడు మీకు తెలుసా? తెలియకపోతే అది కూడా అవగాహన లోపమే కదా.

పదకొండేళ్లుగా బీపీ ఉన్నవారు:
తెలుసండీ. నోరు తెరిచే ధైర్యమే లేదు. ఆ ధైర్యం ఇవ్వాల్సింది ఎదురుగా కూర్చున్న డాక్టరు. తప్పంతా పేషెంటు బుర్రలోనే ఉందనే మాట నాకు బాధ కలిగిస్తుంది.

ఫార్మసిస్టు:
మధ్యలో ఒక్క మాట. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం. ఏ మందు పడకపోయినా మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి.

చర్చ మొదలుపెట్టినవారు:
నిన్న రాత్రి నర్సు గారి ప్రశ్నే నాన్నను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: ఒక మాత్ర వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తోందట. ప్రయాణం ఉన్న రోజుల్లో మానేస్తూ, చివరికి అన్నీ మానేశారు. 128/82 నాకు చెప్పిన కారణం మాత్రమే. టీచర్ గారూ, నేను పొరబడ్డాను. రేపు ఆయనతో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఏం తీసుకెళ్లాలి?

ఫార్మసిస్టు:
ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, నొప్పి మాత్రలతో సహా. కొన్ని నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. ఇంట్లో మిషన్ ఉంటే ఈ సాయంత్రమూ రేపు పొద్దునా చూడండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున పెట్టి, మాట్లాడించకుండా రెండుసార్లు కొలిచి రాసుకోండి. మూత్రం సంగతి మాత్రం ఆయన నోటితోనే చెప్పించండి.