పాత అల్యూమినియం పడవ: పెయింట్ పొరలుగా లేచిపోతోంది

ప్రశ్న (సూళ్లూరుపేట): అన్నా, పులికాట్‌లో తిప్పుకుందామని పాత అల్యూమినియం పడవ కొన్నాను. అడుగున పెయింట్ పెచ్చులు లేస్తోంది, గీకితే తెల్లటి పొడి రాలుతోంది. గేటుకు వేసే రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన ఎనామిల్ వేసెయ్ అంటున్నారు షాపులో. వేయొచ్చా?

జవాబు (తిరుపతి): వద్దు తమ్ముడూ. రెడ్ ఆక్సైడ్ ఇనుముకు, నీళ్లలో నానే అల్యూమినియం మీద నిలవదు. ఆ తెల్ల పొడి అల్యూమినియం తుప్పే. అదంతా పోవాలి.

ముందు కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడువు. గుడ్డ మార్చుకుంటూ తుడవాలి. జిడ్డుండగానే రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది. తర్వాత 80 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దు, ఆపైన 180. ఇనుప వైర్ బ్రష్ మాత్రం ముట్టుకోకు, దాని రజను ఇరుక్కున్న చోటే లోహాన్ని తినేస్తుంది. కాస్టిక్ సోడా కూడా వద్దు.

రుద్దాక చెంబుడు నీళ్లు పోసి చూడు. పల్చగా పరుచుకుంటే సరే. తామరాకు మీదిలా బొట్లు కడితే ఇంకా జిడ్డుంది, మళ్లీ తుడవాల్సిందే. ఆరగానే, ఆ రోజే, టూ ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ (రెండు డబ్బాలు కలిపి వేసే అడుగు పూత) పడాలి. గాలి తగిలితే కొత్త ఆక్సైడ్ పొర వస్తుంది, మీ వైపు ఉప్పు గాలి కూడాను. డబ్బా మీద అల్యూమినియానికి పనికొస్తుందని ఉందో లేదో చూసి కొను. పైన అదే కంపెనీ పీయూ (పాలీయురేథేన్) పెయింట్. అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, గుడ్డ మాస్కు ఆపలేదు. స్ప్రే పని కార్ల పెయింటింగ్ షెడ్డుకే వదిలెయ్.

ప్రశ్న: నాచు పట్టకుండా రాగి కలిసిన పెయింట్ వేయమంటున్నారు. రివెట్ల దగ్గర చెమ్మ కూడా వస్తోంది.

జవాబు: ఉప్పునీళ్లలో రాగి, అల్యూమినియం కలిస్తే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియమే కరిగిపోతుంది. రోజూ ఒడ్డుకు లాగే పడవకు ఆ పెయింటే అక్కర్లేదు. రివెట్ల సంగతి పెయింట్‌కు ముందే తేల్చు. పడవను దిమ్మెల మీద ఎత్తి, లోపల కాస్త నీళ్లు పోసి, బయట కారే చోట గుర్తు పెట్టు. వదులైనవి బిగించాలి, లేదా మార్చాలి. పెయింట్ ఓటిని మూయదు.

ఇంకొకరు (చిత్తూరు): అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు, సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. మంచు ఆరాక, నీడలో వేయాలి. సీటు కింద చెక్కలుంటే ఊడదీసి చూడండి, తడి చెక్క ఆనుకున్న చోటే గుంటలు పడతాయి. తిరిగి బిగించేటప్పుడు మధ్యలో రబ్బరు షీటు పెట్టండి.