పార్కులో పొదల మూలను చదును చేసి టర్ఫ్ వేయడం సమంజసమేనా?

తంగేడుపూలు: హైదరాబాదులో మా కాలనీ పార్కుకు పడమటి వైపు ఎకరంలోపు మూల ఒకటి మిగిలింది. బండరాళ్లు, జమ్మి, రేగు, తంగేడు, వాన పడితే నీరు నిలిచే గుంట. ముంగిసలు, జెముడుకాకులు, పికిలిపిట్టలు ఆ పొదల్లోనే బతుకుతున్నాయి. వేసవిలో తీతువు అక్కడి గులకరాళ్ల నేల మీద గుడ్లు పెడుతుంది. ఆ మూలను చదును చేసి, టర్ఫ్ అనే కృత్రిమ పచ్చిక పరిచి, చుట్టూ వల కట్టి, ఫ్లడ్‌లైట్లు పెట్టాలని కాలనీ సంఘం తీర్మానించింది. క్రికెట్‌కు, ఫుట్‌బాల్‌కు గంటల లెక్కన ఇస్తారట. పచ్చరంగు ప్లాస్టిక్ పరిచి దాన్ని పార్కు అభివృద్ధి అంటే నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

ఎడమచేతివాటం: పిల్లలు ఎక్కడ ఆడాలో ముందు చెప్పండి. మా అబ్బాయి సెల్లారులో బంతి వేస్తే పై అంతస్తువాళ్లు కేకలు వేస్తారు. వీధిలో ఆడితే కారు అద్దం పగిలిందని ఒకాయన మా గుమ్మం దాకా వచ్చి, మా అమ్మ వింటుండగా నానా మాటలు అన్నాడు. మీరు చెప్పే మూలలో సగం సర్కారు తుమ్మ, లంటానా, బయటి దేశాల నుంచి వచ్చి అల్లుకున్న కలుపు. వాటిని అడవి అనకండి.

ఇంకో మాట. 1975లో కౌలాలంపూర్‌లో హాకీ ప్రపంచ కప్పు గెలిచిన దేశం మనది. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీని తొలిసారి కృత్రిమ మైదానం మీద ఆడించారు. మనం ఏడో స్థానానికి పడిపోయాం. ప్రపంచం టర్ఫ్ మీదికి వెళ్లిపోయింది, మనం గడ్డి మీదే ఉండిపోయాం. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి తరాలు పట్టింది.

లెక్కలమాస్టారు: వేసవి మధ్యాహ్నం టర్ఫ్ మీద చెప్పులు లేకుండా నిలబడి చూడండి. సహజమైన గడ్డి తనలోని నీటిని ఆవిరి చేసుకుని చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు.

ఎడమచేతివాటం: మధ్యాహ్నం ఎవరూ ఆడరు. లైట్లు పెట్టేది అందుకే. గడ్డి పెంచాలంటే నీళ్లెక్కడివి? ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్‌కే ట్యాంకర్ దొరకదు.

తంగేడుపూలు: అక్కడ గడ్డి పెంచమని ఎవరన్నారు? జమ్మికి, తంగేడుకు ఎవరూ నీళ్లు పోయలేదు. అవి ఈ నేలలో పుట్టినవి. సర్కారు తుమ్మను, లంటానాను విడతలుగా తీయవచ్చు, నేనూ చేయి వేస్తాను. జేసీబీకి మాత్రం సర్కారు తుమ్మకూ జమ్మికీ తేడా తెలియదు. తెలంగాణకు జమ్మి రాష్ట్ర వృక్షం, తంగేడు రాష్ట్ర పుష్పం. దసరా నాడు జమ్మికి మొక్కి, మిగతా రోజుల్లో నరికేద్దామా?

టర్ఫ్ అంటే పాలిథిలీన్ పోచలు. చాలా చోట్ల వాటి మధ్య పాత టైర్ల రబ్బరు గుళికలు నింపుతారు. అవి బూట్లకు అంటుకుని, వాన నీటితో కొట్టుకుపోయి కాలువల్లో చేరతాయి. యూరోపియన్ యూనియన్ 2023లో అలాంటి గుళికల అమ్మకాన్ని నిషేధిస్తూ ఎనిమిదేళ్ల గడువిచ్చింది. అక్కడ వద్దనుకున్నవి మన గుంటలో కలవాలా?

ఎడమచేతివాటం: గుళికలు లేని రకాలూ ఉన్నాయి. హాకీ గురించి నేను చెప్పినదానికి జవాబు రాలేదు.

నల్లబండ: ఎకరంలోపు మూలలో ఒలింపిక్ హాకీ ఆడరు సార్.

సముద్రపుగాలి: నేను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాను. ఇక్కడ గోల్డెన్ గేట్ పార్కు పడమటి అంచున, సముద్రానికి దగ్గరలో, బీచ్ షాలే అనే పాత గడ్డి మైదానాలుండేవి. వాటిమీద ఏళ్ల తరబడి ఇదే గొడవ. ప్లాస్టిక్, లైట్లు వద్దని పక్షిప్రేమికులు, వానాకాలంలో బురదలో ఆడలేమని పిల్లల తల్లిదండ్రులు. చివరికి 2014 నవంబరులో ఓటుకు పెట్టారు. సహజమైన గడ్డినే ఉంచాలన్న ప్రతిపాదన ఓడిపోయింది. ఇప్పుడక్కడ టర్ఫ్, ఎత్తైన స్తంభాల మీద లైట్లు. పిల్లలు బాగానే ఆడుతున్నారు, కాదనను. అయితే అక్కడ తీసేసింది అప్పటికే ఆడుతున్న గడ్డిని. మీ దగ్గర తీయబోయేది పొదలను, రాళ్లను. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. లైట్లను కూడా తేలిగ్గా తీసుకోకండి, రాత్రి తిరిగే ప్రాణులకు చీకటి కూడా ఇల్లే.

ఎడమచేతివాటం: చూశారుగా, ఓటు పెడితే జనం పిల్లల వైపే నిలిచారు.

నల్లబండ: హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిని మరిచిపోయారా? ఆ 400 ఎకరాలను 2004లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది క్రీడా వసతుల పేరుతోనే. 2006లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది, కేసు 2024 దాకా నడిచింది. అన్నేళ్లూ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే జింకలు, నెమళ్లు నిలిచాయి. 2025లో యంత్రాలు దిగాక ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేనాటికి ఎంత పచ్చదనం పోయిందో అందరం చూశాం. ఆటల పేరు చెబితే ఎవరూ ఎదురు చెప్పరని అందరికీ తెలుసు.

ఎడమచేతివాటం: 400 ఎకరాలకూ మా మూలకూ పోలికేమిటి? నా కొడుకు ఆటను భూముల వ్యాపారంతో కలుపుతారా? తంగేడుపూలు గారూ, మనది ఒకే కాలనీ కాబట్టి అసలు సంగతి నేనే చెబుతాను. పార్కు మధ్యలో పెద్ద లాన్ ఉంది. అందులో ‘గడ్డిపై నడవరాదు’ అని బోర్డు. పిల్లలు అడుగుపెడితే ఉదయం నడకకు వచ్చే పెద్దలు కాపలావాడిని పిలుస్తారు. నిరుడు మా వాడి బ్యాటు లాక్కున్నారు. వాడు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. అప్పుడు ఎవరికీ జాలి కలగలేదు. ఇప్పుడు తీతువు గుడ్ల మీద కలిగింది. మీకు పిల్లల అల్లరి వద్దు, అంతే.

తంగేడుపూలు: బ్యాటు లాక్కున్నవాళ్లలో నేను లేను. ఆ బోర్డు పెట్టిన సంఘమే ఇప్పుడు టర్ఫ్ వేస్తానంటోంది. మీ కోపం వాళ్ల మీద చూపించక మూలలో బతికే జీవాల మీద చూపిస్తున్నారు.

నిర్వాహకులు: ఇరువురూ వ్యక్తిగత నిందలు ఆపండి.

గోల్‌పోస్ట్: నేను ఫుట్‌బాల్ ఆడతాను. మా పేటలో ఖాళీ మైదానం ఉన్నంతకాలం అది మగపిల్లలదే, మమ్మల్ని అంచున నిలబెట్టేవారు. టర్ఫ్ వచ్చాక డబ్బు కట్టి ఆ గంట మాది అని గట్టిగా చెప్పుకోగలిగాం. వెలుతురుంది కాబట్టి ఇంట్లో పంపించారు. అందుకే లైట్లు వద్దని నేను అనలేను. కానీ మాతో ఆడే ఇద్దరు అమ్మాయిలు ఆ రుసుము కట్టలేక మానేశారు. వాళ్లకు ఇప్పుడు ఆ మైదానమూ లేదు, టర్ఫూ లేదు. పార్కు స్థలం ప్రజలది. దానికి తాళం వేసి గంటకింత అంటే ఎడమచేతివాటం గారి అబ్బాయి ఆడతాడేమో, కాపలావాడి కొడుకు ఆడడు. పక్షులా పిల్లలా అని మీరు కొట్టుకుంటున్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఒక్కరూ అడగలేదు.

లెక్కలమాస్టారు: పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆసుపత్రి మంచిదే, అయినా పార్కు స్థలం పార్కుగానే ఉండాలన్నారు. రుసుము, నిర్వహణ కాంట్రాక్టు వివరాలు సమాచార హక్కు కింద అడగండి.

తంగేడుపూలు: లాన్‌ను ఆటలకు తెరవమని, బోర్డు తీయమని వినతిపత్రం రాస్తే మొదటి సంతకం నాది. ఆ మూలను వదిలేయమని అందులోనే రెండో వాక్యం ఉండాలి. ఎడమచేతివాటం గారూ, సంతకం పెడతారా?

ఎడమచేతివాటం: లాన్ ఇస్తామని నడక పెద్దలు ముందు రాసివ్వాలి. రుసుము లేకుండా, సాయంత్రం ఏడు దాకా వెలుతురుతో, వారంలో కొన్ని రోజులు ఆడపిల్లలకు విడిగా. అది నా చేతికి వచ్చాకే సంతకం. అప్పటిదాకా టర్ఫ్ తీర్మానానికే నా మద్దతు.

తంగేడుపూలు: వెలుతురు లాన్ వైపే ఉండాలి, మూల వైపు ఒక్క దీపమూ వద్దు. అలాగైతే ఆదివారం సంఘం సమావేశానికి రండి, ఆ కాగితం ఇద్దరం కలిసే అడుగుదాం.

నల్లబండ: గుడ్ల కాలం గడిచేదాకా జేసీబీని లోపలికి రానివ్వకూడదని కూడా అందులో రాయించండి.