బమాకోలో 1960లో ఫుట్‌బాల్ క్లబ్బులను కలిపేయడం మంచిదేనా?

ఎడమవింగ్:
పశ్చిమ ఆఫ్రికా దేశం మాలికి 1960 సెప్టెంబర్‌లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడాదే రాజధాని బమాకోలో ఫ్రెంచివాళ్ల కాలం నాటి క్లబ్బులు జతకట్టాయి. జాన్ దార్క్, ఎస్పెరాన్స్ కలిసి స్టాడ్ మాలియెన్ పుట్టింది. ఆఫ్రికా స్పోర్, ఫోయే దు సూడాన్ కలిసి జోలిబా పుట్టింది. అరవై ఏళ్లు దాటినా స్టాడ్ మాలియెన్ తెల్ల జెర్సీ, జోలిబా ఎర్ర జెర్సీ పోటీ పడుతుంటే బమాకో రెండుగా చీలిపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలో ఇంత బాగా కుదిరిన విలీనాలు అరుదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

గోల్‌లైన్:
నేను కాదంటాను. నాలుగు క్లబ్బులు ఉన్నచోట రెండే మిగిలాయి. వాటిని తరతరాలుగా అభిమానించినవాళ్ల సంగతేంటి? పైగా 1966లో జాతీయ లీగ్ మొదలైనప్పటి నుంచి టైటిళ్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి ఖాతాలోకే వెళ్లాయి. రియల్ బమాకో లాంటి జట్లు అప్పుడప్పుడూ గెలిచాయంతే. ఊళ్లలో క్లబ్బులు ఎలా ఎదుగుతాయి?

ఎడమవింగ్:
గోల్‌లైన్ గారూ, లీగ్ ఇద్దరి చేతిలో ఉండిపోయిందన్న మాట నిజమే, అది నాకూ నచ్చదు. కానీ ఆ విలీనాలు లేకపోతే ఏమయ్యేదో చూడండి. చేతిలో పెద్దగా డబ్బు లేని కొత్త దేశం అది. అయినా ఐదేళ్లు తిరక్కుండానే స్టాడ్ మాలియెన్ మొట్టమొదటి ఆఫ్రికా చాంపియన్స్ కప్ (ఆఫ్రికా దేశాల మేటి క్లబ్బుల టోర్నీ) ఫైనల్ ఆడింది. 1965 ఫిబ్రవరిలో అక్రాలో కామెరూన్ జట్టు ఓరిక్స్ దువాలా చేతిలో 2-1తో ఓడింది. మరుసటి కప్ ఫైనల్‌కూ బమాకో జట్టే వెళ్లింది, ఈసారి రియల్ బమాకో. సొంతగడ్డ మీద ఐవరీ కోస్ట్ జట్టు స్టాడ్ దబిజాన్‌ని 3-1తో కొట్టి, అబిజాన్‌లో 4-1తో ఓడి, ఒక్క గోల్ తేడాతో కప్పు పోగొట్టుకుంది. ఆ జట్టులోని సలీఫ్ కైతాకే 1970లో ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి అవార్డు, ఆ అవార్డు ఇవ్వడం కూడా అదే మొదలు. ఒక్క ఊరి నుంచి వరసగా రెండు ఫైనల్స్! ఆటగాళ్లు చిన్న చిన్న జట్లలో చెల్లాచెదురుగా ఉండి ఉంటే ఇది జరిగేదని నేననుకోను.

నల్లనక్షత్రం:
అయితే ఘనా సంగతి చూడండి అన్నా. అక్కడ అధ్యక్షుడు ఎన్‌క్రుమా ప్రభుత్వంలో క్రీడలు చూసుకున్న ఒహెనె జాన్ 1961లో రియల్ రిపబ్లికన్స్ అనే క్లబ్ పెట్టించాడు. పెద్ద క్లబ్బుల నుంచి మేటి ఆటగాళ్లను తీసుకుని అందులో వేశారు. కుమాసి నగరంలో అసాంతె కొటోకో క్లబ్ ప్రాణంగా చూసుకున్న వింగర్ బాబా యారా కూడా వెళ్లాల్సి వచ్చింది. ఫలితాలు బ్రహ్మాండం: 1962 నుంచి 1965 దాకా వరసగా నాలుగు ఎఫ్.ఎ. కప్పులు (దేశవాళీ నాకౌట్ టోర్నీ), మధ్యలో ఒక లీగ్ టైటిల్. జాతీయ జట్టు 1963లో, 1965లో ఆఫ్రికా కప్ గెలిచింది. మరి 1966 ఫిబ్రవరిలో సైనిక కుట్రతో ఎన్‌క్రుమా పడిపోగానే ఆ క్లబ్ కూడా పోయింది. కప్పులు తెచ్చినంత మాత్రాన క్లబ్ నిలబడదు. దీనికేమంటారు?

ఎడమవింగ్:
తమ్ముడూ, నేను చెప్పాలనుకున్నది నీ ఉదాహరణలోనే ఉంది. రిపబ్లికన్స్ విలీనం కాదు. కొటోకో అలాగే ఉంది, హార్ట్స్ ఆఫ్ ఓక్ అలాగే ఉంది, వాళ్ల మేటి ఆటగాళ్లు మాత్రం లేరు. అభిమానులు ఎవరి వెంట వెళ్తారు? పాత క్లబ్ వెంటే ఉంటారు, కడుపుమంటతో కొత్త క్లబ్‌ని చూస్తారు. ప్రభుత్వం పోయాక రిపబ్లికన్స్ కోసం వీధిలోకి వచ్చేవాడే లేడు.

బాబా యారా కథ తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1963 మార్చిలో రిపబ్లికన్స్ జట్టు క్పాండులో మ్యాచ్ ఆడి తిరిగొస్తుంటే క్పెవె దగ్గర బస్సు ప్రమాదానికి గురైంది. వెన్నెముక దెబ్బతిని ఆయన మళ్లీ నడవలేదు, 1969లో చనిపోయాడు. కుమాసి స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు. రిపబ్లికన్స్ ఆటగాడిగా గాయపడినవాడిని కుమాసి తనవాడిగానే గుర్తుపెట్టుకుంది. ఆ కొటోకోయే 1970లో ఆఫ్రికా చాంపియన్ అయింది.

బమాకోలో జరిగింది వేరు. ఆటగాళ్లు, అభిమానులు, అందరూ కలిసి కొత్త గూటికి చేరారు. పాత పేర్లు రెండు పక్కలా పోయాయి కాబట్టి ఒకరు ఇంకొకరిని మింగేశారన్న బాధ లేదు.

గోల్‌లైన్:
ఆ చివరి మాటతో ఏకీభవిస్తాను. కలకత్తాలో 2020లో ఎ.టి.కె., మోహన్ బగాన్ క్లబ్బులు కలిసినప్పుడు గొడవంతా మోహన్ బగాన్ పేరు ముందు తగిలించిన ‘ఎ.టి.కె.’ అన్న మూడక్షరాల గురించే. అభిమానులు పట్టువదల్లేదు, 2023లో తీసేశారు. కానీ 1889 నాటి పేరు కోసం వాళ్లు పోరాడితే మనం మెచ్చుకున్నాం కదా. జాన్ దార్క్ అభిమానికి ఆ హక్కు లేదా?

ఎడమవింగ్:
ఉంది. మోహన్ బగాన్ పేరు పెట్టుకున్నది అక్కడివాళ్లే. జాన్ దార్క్ అన్నది ఫ్రాన్సు వీరవనిత పేరు, ఫోయే దు సూడాన్‌లోని ‘సూడాన్’ అన్నది వలసపాలకులు మాలికి పెట్టిన పేరు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఆ పేర్లు మోయడం బమాకో కుర్రాళ్లకు ఇష్టం లేకపోతే నేను తప్పు పట్టలేను. ఆఫ్రికా స్పోర్ అభిమాని విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను. ఆ పేరులో మార్చాల్సిందేమీ లేదు.

నల్లనక్షత్రం:
అన్నా, మరి లీగ్ ఇద్దరి చేతిలో ఉండిపోయిన సంగతికి మీరింకా జవాబివ్వలేదు.

ఎడమవింగ్:
అది 1960 తప్పు కాదంటాను. ఆ తర్వాత అరవై ఏళ్లలో కాయె, సికాసో, సెగూ లాంటి ఊళ్లలో మైదానాలకు, కోచ్‌లకు డబ్బు పెట్టాల్సింది. రెండు పెద్ద క్లబ్బులను మళ్లీ విడగొడితే సికాసోకి ఒక్క గడ్డి మైదానం కూడా రాదు.