ప్లీహం ఉంచి, హైడాటిడ్ తిత్తి మాత్రం రోబోటిక్ సర్జరీతో తీయించుకున్నవాళ్లు ఉన్నారా?

నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 29 ఏళ్లు. మూడు నెలలుగా ఎడమ డొక్కలో బరువుగా ఉందంటున్నాడు. నాలుగు ముద్దలు తినగానే కంచం పక్కకు నెట్టేస్తుంటే గ్యాస్ అనుకున్నాం. సీటీ స్కాన్‌లో ప్లీహం (స్ప్లీన్) పైభాగంలో 8 సెంటీమీటర్ల తిత్తి, దాని లోపల ద్రాక్షగుత్తిలా పిల్ల తిత్తులు కనిపించాయి. దీన్నే హైడాటిడ్ తిత్తి అంటారట, కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు గుడ్ల వల్ల వస్తుందట. మా ఇంట్లో గొర్రెలూ, కాపలా కుక్కా ఎప్పట్నుంచో ఉన్నాయి.

ఆ పురుగు మీద పనిచేసే ఆల్బెండజోల్ మందు మొదలుపెట్టారు. సర్జన్ గారు ముందు న్యుమోకాకల్, మెనింగోకాకల్ టీకాలు వేయించి ప్లీహం మొత్తం తీసేద్దామన్నారు. ఇంకో డాక్టరు గారేమో తిత్తి ఉన్న భాగం వరకే రోబోతో తీయొచ్చేమో చూద్దామన్నారు. ప్లీహం లేకపోతే కొన్ని ఇన్‌ఫెక్షన్లు ప్రాణం మీదకి తెస్తాయట. వాడు రోజూ చేలో బురదలో దిగే మనిషి. అలాగని ఆపరేషన్‌లో తిత్తి పగిలి నీరు లోపల ఒలికితే ఎలర్జీ షాక్ రావచ్చు, జబ్బు మళ్లీ మొలవొచ్చు. అందుకే టెన్షన్‌గా ఉంది.

విశాఖలో గానీ హైదరాబాద్‌లో గానీ ఇలా చేయించుకున్నవాళ్లుంటే చెప్పండి. ఎంత ఖర్చయింది? ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పనిచేసిందా? తర్వాత స్కాన్‌లో తిత్తి మళ్లీ కనిపించిందా?