తైవాన్‌ని వదిలి చైనా వైపు వెళ్తే చిన్న దేశానికి లాభమా, నష్టమా?

కృష్ణలంక కుర్రాడు: 2023 మార్చిలో మధ్య అమెరికా దేశం హోండురాస్ తైవాన్‌తో తెగతెంపులు చేసుకుని చైనాని గుర్తించింది. ఇద్దరితోనూ దౌత్య సంబంధాలు కుదరవన్నది చైనా షరతు. 2024 జనవరిలో పసిఫిక్ దీవి నౌరు కూడా అదే దారి పట్టింది. దీనివల్ల ఆ దేశాలకి నిజంగా డబ్బు మిగులుతుందా? మన వైపు ఎగుమతులు తెలిసినవాళ్ళు చెప్పండి.

తేజ టిక్కీ: మిగులుతుంది, ఇందులో అనుమానం ఎందుకు? మా గుంటూరు యార్డులో చైనా ఆర్డర్లు వచ్చిన వారం తేజ రకం మిర్చి ధర ఒకలా ఉంటుంది, రాని వారం ఇంకోలా. అంత పెద్ద కొనుగోలుదారుని కాదనుకుని ఎవరు బాగుపడ్డారు? మధ్య అమెరికాలోదే కోస్టారికా, 2007లో చైనా వైపు మారింది. చైనా 30 కోట్ల డాలర్ల బాండ్లు కొన్నది, రాజధానిలో స్టేడియం కట్టిచ్చింది. 2011లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కూడా అమల్లోకి వచ్చింది.

రేపల్లె రొయ్య: స్టేడియంలో రొయ్యలు పెంచుతారా అన్నా? హోండురాస్‌కి 2008 నుంచి తైవాన్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉండేది. రొయ్యలు సుంకం లేకుండా వెళ్ళేవి. ప్రభుత్వం చైనా పక్షం చేరాక తైవాన్ ఆ ఒప్పందం రద్దు చేసింది. అక్కడ రొయ్యలు పెంచే చోలుటెకా వైపు చెరువులు మూతపడ్డాయి, జనం పనులు పోయాయి. చైనా కొంటుందిలే అన్నారు. అక్కడ ఈక్వెడార్ రొయ్య ఎప్పుడో పాతుకుపోయింది, కొత్తవాడికి చోటెక్కడ?

లెక్కల మాస్టారు: 2023లో రొయ్య ధర ప్రపంచమంతా పడింది, ఈక్వెడార్ సరుకు ఎక్కువై. దాన్ని దౌత్యం ఖాతాలో రాయకండి.

రేపల్లె రొయ్య: మాస్టారూ, ధర అందరికీ పడింది. సుంకం వాళ్ళకి పడింది.

లెక్కల మాస్టారు: దేనివల్ల ఎంత శాతమో విడగొట్టి చూపించండి.

రేపల్లె రొయ్య: చెరువు ఎండాక శాతాలతో ఏం చేస్తాడండీ?

బెంజి సర్కిల్: ఇది దౌత్యమా, ఆక్వా సదస్సా 😀

పటమట పద్మ: మారకపోయినా దెబ్బే కదండీ. పసిఫిక్‌లో పలావు అనే చిన్న దీవుల దేశం తైవాన్‌తోనే ఉండిపోయింది. 2017లో చైనా అక్కడికి గ్రూపు టూర్లు ఆపేసింది, హోటళ్ళు ఖాళీ. మన దేశం చైనాని 1949లోనే గుర్తించింది, అయినా తైవాన్ కంపెనీ తడ దగ్గర బూట్లు తయారు చేస్తోంది. మనంత పెద్ద దేశానికి చెల్లుతుంది, పలావుకి చెల్లదు.

తేజ టిక్కీ: నేనూ అదే అంటున్నా. నౌరు సంగతి చూడండి. 2002లో చైనా, 2005లో మళ్ళీ తైవాన్, 2024లో మళ్ళీ చైనా. 21 చదరపు కిలోమీటర్ల దేశం. ఫాస్ఫేట్ తవ్వుకోవడం అయిపోయాక అమ్మడానికి వాళ్ళ దగ్గర మిగిలింది ఆ గుర్తింపే. ఎక్కువ ఇచ్చినవాడికి ఇస్తే తప్పేంటి?

రేపల్లె రొయ్య: అదీ మీ వ్యాపారుల బుద్ధి! 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఒక ప్లాంటు ఏజెంటు నాకిచ్చిన మాట తప్పాడు. ముందురోజు ఫోన్లో ఒప్పుకున్న 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) రేటుని, వలలు దించాక గట్టు మీద నిలబడి తగ్గించాడు. పట్టిన రొయ్యని మళ్ళీ నీళ్ళలో పోస్తామా? ఎక్కువ ఇచ్చినవాడికే ఇవ్వాలంటే ఇక మాట అనేది ఎందుకు?

తేజ టిక్కీ: నేను ఆ ఏజెంటుని కాదు, మర్యాదగా మాట్లాడండి. రేటు పెరిగినప్పుడు మీరు ఒప్పుకున్న ప్లాంటుకే ఇస్తున్నారా? మా కొట్లో అప్పు తీసుకుని, పక్క కొట్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించినవాళ్ళని నేనూ చూశాను.

బెంజి సర్కిల్: అయిపోయింది. ఇక యార్డు, చెరువు కొట్టుకుంటాయి.

రేపల్లె రొయ్య: సరే, కొనేవాణ్ణి మార్చుకోవడం తప్పని నేననను. చెరువులున్నవాళ్ళని అడిగి మార్చారా అంటున్నా. తైవాన్‌కి 60 కోట్ల డాలర్ల అప్పుంది, సాయం పెంచమంటే పెంచలేదు అని హోండురాస్ విదేశాంగ మంత్రి చెప్పాడు. ఆ లెక్క రాజధాని తెగుసిగాల్పాలోది. నష్టపోయింది చోలుటెకాలో.

తేజ టిక్కీ: అడిగితే రైతు ఎప్పుడైనా ఇవాళ కొంటున్నవాడినే కోరుకుంటాడు. రేపు ఎవరు కొంటారో ప్రభుత్వం చూడొద్దా? దక్షిణ అమెరికాలో పరాగ్వే 1957 నుంచి తైవాన్‌తోనే ఉంది. గొడ్డుమాంసం అక్కడ అమ్ముడుపోతోంది కాబట్టి పశువులవాళ్ళకి బాగానే ఉంది. చైనాకి నేరుగా అమ్ముకోలేని సోయా రైతుని ఎవరడిగారు?

పటమట పద్మ: ఇద్దర్నీ అడిగి, నష్టపోయేవాళ్ళకి పరిహారం ముందే రాసివ్వొచ్చుగా?

తేజ టిక్కీ: రాసిస్తారమ్మా. పాలకులు మారాక ఆ కాగితం ఎవరు చదువుతారు? హోండురాస్‌లోనే 2025 ఎన్నికల్లో ప్రతిపక్షాలవాళ్ళు మళ్ళీ తైవాన్ దగ్గరికే వెళ్తామన్నారు.

రేపల్లె రొయ్య: వెళ్ళమనండి. మూతపడ్డ చెరువులో మళ్ళీ రొయ్యపిల్ల వదలడానికి పెట్టుబడి ఎవరిస్తారట, బీజింగా, తైపేనా?